అతిథి కాళ్ళ కింది పీట

కిందటి వారం వెర్లిన్ గుడింగ్‌ను మనం రోషెట్ దీవి రేవులో, ముఖం నిండా నవ్వుతో వదిలేసి వచ్చాం. నవ్వడానికి ఆమెకు కారణం లేకపోలేదు. రాజధానిలో తిమింగలాల మహాసభ మొదలైన దగ్గర్నుంచీ ఆమె కుదురుగా తిన్నది లేదు, కంటినిండా పడుకున్నది లేదు. సెయింట్ ఫాబియన్ అనే ఆ బుల్లి దేశం తరఫున సభలో కూర్చునే ప్రతినిధి ఆమె ఒక్కతే. ఆ దేశంలోదే, ఆమె సొంత ఊరైన రోషెట్ దీవి వాళ్ళు తెరచాప పడవలో వెళ్ళి, చేత్తో బల్లెం విసిరి, ఏడాదికి ఒకటో రెండో తిమింగలాలను పట్టుకునే హక్కు ఈ ఏటితో ముగిసిపోతుంది. దాన్ని పొడిగించాలంటే సభలో నాలుగింట మూడొంతుల ఓట్లు పడాలి. ఆ ఓట్లేమో వేట పేరు చెబితేనే మండిపడే దేశాల చేతిలో ఉన్నాయి. ఆ దేశాలన్నిటి తరఫునా మాట్లాడేది డాక్టర్ ఇనెస్ అరిస్మెండి. తిమింగలాల శాస్త్రం చదువుకుని రాయబారి అయిన ఆ మనిషి అంత తేలిగ్గా మెత్తబడే రకం కాదు. అయినా నిన్న సాయంత్రం వెర్లిన్ సభలో లేచి, తన వాళ్ళు పిల్లను ముట్టరనీ, పిల్లతల్లిని ముట్టరనీ, దానికి తన మాటే హామీ అనీ చెప్పినప్పుడు, ఇనెస్ ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసి చెయ్యి చాపింది. రేపు ఉదయం ఓటింగు. ఇవాళ సెలవు కనుక ప్రతినిధులందరినీ రోషెట్ వాళ్ళు భోజనానికి పిలుచుకున్నారు.

ఆ నవ్వు ఎంతసేపు నిలిచిందో ఇప్పుడు చూద్దాం.

రోషెట్‌లో ఇంటికొచ్చిన పెద్దమనిషికి కుర్చీ వేయరు. తిమింగలం వెన్నులోంచి తీసిన బండంత ఎముకను ఇసుకలో నిలబెట్టి, పైన దుప్పటి మడిచి, దానిమీద కూర్చోబెడతారు. అతిథి పాదాలు ఇసుకలో ఆనకూడదు కాబట్టి కింద ఇంకో చిన్న ఎముక పెడతారు. కూర్చునే ఎముక తాతలనాటిదైనా ఫరవాలేదు. కాళ్ళ కింది పీట మాత్రం ఆ ఏటి వేటదే కావాలి. పాతది పెడితే వచ్చినవాళ్ళను చిన్నచూపు చూసినట్టు లెక్క. వచ్చిన వాళ్ళందరిలోకీ పెద్ద అతిథి ఎవరని ఊళ్ళో వాదన జరిగింది. ఓట్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పెద్ద అని తేల్చేసింది వెర్లిన్ పిన్ని రొజిల్డా. ఆవిడ పొద్దున్నే సముద్రపు నీళ్ళతో ఆ పీటను తోమి, ఎండలో ఆరబెట్టి, చుట్టూ ఎర్ర మందారాలు గుచ్చింది. తీసుకొచ్చి ఇనెస్ కాళ్ళ కింద తన చేత్తోనే పెట్టింది.

ఇనెస్ సంతోషంగానే కూర్చుంది. కాల్చిన సీమపనస ముక్క నోట్లో వేసుకుంది, రొజిల్డా పోసిన మందార షర్బత్ తాగింది, పాటగాళ్ళకు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కిందికి చూసింది. కాళ్ళు మెల్లగా పక్కకు తీసి ఇసుకలో పెట్టింది. వంగి ఆ పీటను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

మెచ్చుకుంటోందనుకుని ఊరివాళ్ళు ఈలలు వేశారు. ఇనెస్ బొటనవేలితో ఎముక అంచు నొక్కింది. పైనున్న బిళ్ళ, సాసరంత బిళ్ళ, ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. బల్లకు అవతల నిలబడి చూస్తున్న వెర్లిన్‌కు ఆ బిళ్ళ సంగతి తెలియదు గానీ, ఇనెస్ ముఖంలో రంగు మారడం కనిపించింది. ఏదో కొంప మునిగిందని మాత్రం అర్థమైంది.

"ఇది ఎప్పటిదమ్మా?" అని ఇనెస్ రొజిల్డాను అడిగింది.

"ఈ నెలదే మేడమ్," అంది రొజిల్డా, మురిసిపోతూ. "మీకోసమే ఎవరినీ ముట్టనివ్వకుండా దాచాను."

ఆ మాట అనగలిగినవాళ్ళు ప్రపంచంలో రోషెట్ వాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరు. తమను దోషులుగా నిలబెట్టే వస్తువును పూలు పెట్టి మరీ శత్రువు పాదాల కింద పెట్టారు. ఒక ఎముక ఏమైనా చెప్పగలదని వాళ్ళకు తట్టనైనా తట్టలేదు. అతిథికి మంచిది పెట్టాలి, ఈ ఏటి వాటిల్లో అన్నిటికన్నా తెల్లగా ఉన్నది ఇదే. అంతకు మించి వాళ్ళు ఆలోచించలేదు.

ఇనెస్ పీటను శాలువాలో చుట్టుకుని లేచి, వెర్లిన్‌ను బాదం చెట్ల వెనక్కి రమ్మని కళ్ళతోనే పిలిచింది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేదని వెర్లిన్‌కు తర్వాత చాలాసార్లు అనిపించింది. ఇనెస్ అరవలేదు.

"ఇది పిల్లది," అంది.

 పెద్ద తిమింగలం తోక చివర ఎముకలు చిన్నవిగానే ఉంటాయి కదా అని వెర్లిన్ వాదించబోయింది. ఇనెస్ శాలువా విప్పి, ఎముకకు రెండు పక్కలా వెడల్పుగా పొడుచుకొచ్చిన రెక్కలను చూపించింది. తోక చివరి ఎముకలకు ఇలాంటి రెక్కలు ఉండవు, ఇది నడుము ఎముక అని చెప్పింది. నడుము ఎముకే ఇంత చిన్నగా ఉంటే ఆ జీవి ఎంతుంటుందో మీరే చెప్పండి అంది. ఇక ఈ బిళ్ళ ముదిరిన జంతువులో ఎముకకు అతుక్కుపోతుంది, లేతదానిలోనే ఇలా ఊడి వస్తుంది అంటూ దాన్ని వెర్లిన్ అరచేతిలో పెట్టింది. అది చాలా తేలికగా ఉంది. వెర్లిన్‌కు ఏడుపొచ్చింది.

"నిన్న మీరు నా చెయ్యి పట్టుకున్నప్పుడు మీకు ఈ సంగతి తెలుసా?" అని అడిగింది ఇనెస్.

"తెలీదు. మా నాన్న మీద ఒట్టు."

"మీరు చెప్పినా నేను నమ్మాలిగా. మిమ్మల్ని నమ్మమని నేను మిగతా దేశాల వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను వెర్లిన్ గారూ. రాత్రంతా ఫోన్లు. వాళ్ళు పిల్లల్ని చంపే మనుషులు కారు అని నా నోటితో నేను చెప్పాను." ఆవిడ పీటను మళ్ళీ శాలువాలో చుట్టింది. "మా పడవ తిరిగి రాజధానికి బయల్దేరేలోపు అసలేం జరిగిందో నాకు చెప్పండి. లేకపోతే రేపు సభలో ఈ ఎముకే మాట్లాడుతుంది."

వెర్లిన్ రెండడుగులు వేసిందో లేదో, చేతిలో రమ్ గ్లాసుతో పెద్ద ఓడల రాయబారి ఎదురొచ్చాడు. వేట మీద నిషేధం మొత్తం ఎత్తేయాలని ఏళ్ళుగా పోరుతున్న దేశం అతనిది. ఆ దేశం పేరు నోరు తిరక్క ఊరివాళ్ళు అతన్ని అలాగే పిలుస్తారు. మనిషి మాత్రం మహా చురుకు. జరిగింది దూరం నుంచే పసిగట్టాడు. రేపు నిషేధం ఎత్తేయడానికి వెర్లిన్ ఓటేస్తే తమ పక్షం దేశాలన్నీ రోషెట్‌కు కాపు కాస్తాయనీ, ఒక ఎముక మీద తమ శాస్త్రవేత్తలు పది రకాల అనుమానాలు లేవనెత్తగలరనీ, చాలా మర్యాదగా, నవ్వుతూ చెప్పాడు. అంటే చేత్తో బల్లెం విసిరే తన బాబాయి పేరు చెప్పుకుని బల్లేలు పేల్చే ఫిరంగులు బిగించిన ఓడలు సముద్రం మీద పడాలన్నమాట. వెర్లిన్ అతన్ని దాటుకుని పడవల కొట్టం వైపు పరుగెత్తింది.

ఎజ్రా గుడింగ్ అక్కడ బోర్లించిన తొట్టిమీద కూర్చుని బల్లెం మొన నూరుతున్నాడు. రోషెట్‌లో బల్లెం విసిరే మనిషి ఆయనొక్కడే. ఆయన లేని రోజు డోర్కస్ అనే ఆ పాత వేటపడవ ఇసుకలోంచి కదలదు. వెర్లిన్ తండ్రి పోయాక ఆమెను చదివించింది, రాజధానికి పంపింది, ఆమె దేశం తరఫున మాట్లాడుతుంటే రేడియో చెవికి ఆనించుకుని విన్నది ఈ బాబాయే. అలాంటి మనిషిని ఎలా నిలదీయాలో ఆమెకు తెలియలేదు. అరచేతిలో ఉన్న బిళ్ళను ఆయన చేతిలో పెట్టింది.

ఎజ్రా దాన్ని వేళ్ళతో తడిమాడు. అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ తడిమాడు.

"మీ పిన్ని దీన్ని ఆవిడ కాళ్ళ కింద పెట్టిందా?"

"పూలు కూడా పెట్టింది."

ఎజ్రా నవ్వబోయి ఆపుకున్నాడు. "దానికి మర్యాద ఎక్కువ, బుర్ర తక్కువ అని పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను."

"నవ్వులాటగా ఉందా బాబాయ్? పిల్లని కొట్టావా నువ్వు?"

"కొట్టాను."

ఎందుకని ఆమె అడిగేలోపే ఆయన చేతిలోని బిళ్ళ కింద పడింది. ఆయన దానికోసం ఇసుకలో వెతుకుతున్నాడు. బిళ్ళ ఆయన ఎడమ కాలి పక్కనే, పట్టపగలు, తెల్లగా మెరుస్తూ ఉంది. ఎజ్రా చెయ్యి దానికి జానెడు దూరంలో తిరుగుతోంది.

వెర్లిన్ వంగి బిళ్ళను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడగగలిగింది.

ఎడమకన్ను ఎప్పుడో పోయిందని చెప్పాడు ఎజ్రా. కుడికన్నులో పొగ కమ్మినట్టు ఉంటుందట. తిమింగలం ఎక్కడుందో ఊపిరి విని తెలుసుకుంటాడు. ఊపిరి చప్పుడును బట్టి వీపు ఎటుందో లెక్క కట్టుకుని విసురుతాడు, ఇంతవరకూ గురి తప్పలేదు. కానీ తల్లి ఊపిరి పెద్దది, పిల్ల ఊపిరి అందులో కలిసిపోతుంది. ఆ రోజు ముందుకొచ్చింది పిల్ల అని బల్లెం దిగాక, చేతికి తగిలిన బరువును బట్టి ఆయనకు తెలిసింది. తల్లి చాలాసేపు పడవ చుట్టూ తిరిగిందట. ఆ మాట దగ్గర ఎజ్రా ఆగిపోయి, చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మరి మిగతావాళ్ళకి కళ్ళున్నాయిగా? చుక్కాని పట్టేవాడు, తెడ్లు వేసేవాళ్ళు, ఒక్కడూ చెప్పలేదా?"

"తెరచాప దించాక పడవలో నోరెత్తకూడదు కదే అమ్మలూ."

ఆ కట్టుబాటు వెర్లిన్‌కు తెలియనిది కాదు. తెరచాప దించి చేతితెడ్లు అందుకున్నాక డోర్కస్‌లో మాట వినపడకూడదు. తుమ్ము వస్తే మింగాలి. తాతగారి కాలంలో ఒకడు దగ్గాడని ఆ ఏడంతా వాణ్ణి పడవ ఎక్కనివ్వలేదు. తిమింగలానికి చెవులు పదునని, ఒక్క మాట వినపడితే మాయమైపోతుందని వాళ్ళ నమ్మకం. ఆ రోజు పడవలో ఉన్నవాళ్ళందరికీ పిల్ల కనబడింది. ఎవరి నోటా మాట రాలేదు. పిల్ల చచ్చిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెబితే నువ్వు సభలో అబద్ధమాడాల్సొచ్చేది. చెప్పలేదు కాబట్టి నువ్వన్నది నీమటుకు నిజమే అయింది. ఊరంతా అనుకునే చేశాం." ఎజ్రా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పిల్ల సంగతి చెప్పుకో. నాకు కళ్ళు లేవని మాత్రం చెప్పకు. గుడ్డివాడు బల్లెం పట్టాడని తెలిస్తే, రేపు ఓట్లు పడినా డోర్కస్‌ని ఎవరూ కదలనివ్వరు."

ఆమె బదులు చెప్పేలోగా రేవులో గోల లేచింది. ఎదురుగా కొండమీద కాపలా ఉన్న లూషస్ అద్దాన్ని ఎండకు తిప్పాడు. కొట్టం గోడమీద తళుక్కున వెలుగు పడి మాయమైంది. విందు జరుగుతోందని, వేటంటే గిట్టనివాళ్ళు ఒడ్డున కూర్చున్నారని లూషస్‌కు బాగా తెలుసు. కానీ తిమింగలం ఊపిరి చూసి కూడా అద్దం తిప్పకుండా ఉండటం అతనికి పుట్టుకతోనే రాదు. శంఖం మోగింది. విస్తళ్ళు వదిలేసి మగవాళ్ళు డోర్కస్ వైపు పరుగెత్తారు.

ఎజ్రా అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆయన వయసు పదేళ్ళు తగ్గింది. "ఎన్నిసార్లు మెరిసింది?"

"ఒక్కసారి."

"అయితే ఒంటరిది. దాన్ని కొట్టొచ్చు," అన్నాడు, బల్లెం భుజాన వేసుకుంటూ.

వెర్లిన్ చెప్పులు వదిలేసి ఇసుకలో పడుతూ లేస్తూ ఇనెస్ దగ్గరికి పరుగెత్తింది. రొప్పుతూనే అంతా చెప్పేసింది. పిల్ల చావడం నిజమనీ, కావాలని చేసింది కాదనీ, కనబడ్డవాళ్ళు కట్టుబాటుకు కట్టుబడి నోరు మూసుకున్నారనీ చెప్పింది. బల్లెం విసిరిన మనిషికి ఎందుకు కనబడలేదని ఇనెస్ అడిగింది. వెర్లిన్ ఒక్క క్షణం తటపటాయించి, పిల్ల అవతలి పక్కనుంచి వచ్చిందని అంది. ఆమె జీవితంలో ఇనెస్‌కు చెప్పిన మొదటి అబద్ధం అదే.

ఇనెస్ సముద్రం వైపు, పడవను నీళ్ళలోకి తోస్తున్న మనుషుల వైపు చూసింది. ఆవిడ ముఖంలో కోపం పోలేదు గానీ, దానితోపాటు ఇంకేదో వచ్చి చేరింది.

"నన్ను ఆ పడవ ఎక్కించండి," అంది. "మీరూ రండి. ఒక్కటే షరతు. పిల్ల కనబడితే మీరు నోరెత్తకూడదు. నేనూ ఎత్తను. మీరు పడవలో లేని రోజు కూడా అందులో ఎవరో ఒకరు నోరు తెరుస్తారని నాకు నమ్మకం కలగాలి. తెరిస్తే రేపు మా ఓట్లన్నీ మీవి. ఈ షరతు వాళ్ళకి మాత్రం చెప్పకూడదు."

"ఎవరూ తెరవకపోతే?"

"అప్పుడు మీకే అక్కర్లేదు ఆ ఓట్లు," అంది ఇనెస్.

ఆడవాళ్ళు ఎక్కిన పడవకు తిమింగలం చిక్కదని తెడ్లవాళ్ళు మొరాయించారు. ఇవాళ చిక్కకపోయినా ఎవరూ పస్తులుండరు, ఎక్కనివ్వండి అని ఎజ్రా గదిమాడు. పడవ నిలకడగా ఉండటానికి అడుగున వేసే ఇసుక సంచులు తీసి ఒడ్డున పారేశారు. వాటి స్థానంలో ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఇనెస్ పట్టు చీరలాంటి లేతరంగు గౌను నిలువునా తడిసిపోయింది. పెద్ద ఓడల రాయబారి ఒడ్డున నిలబడి టోపీ ఊపాడు.

డోర్కస్ గాలి అందుకుంది. వెర్లిన్ చిన్నప్పుడు ఎన్నిసార్లు ఏడ్చినా ఎక్కనివ్వని పడవ అది. ఇప్పుడు నీళ్ళు ముఖాన కొడుతుంటే, భయంతో పాటు పట్టలేని ఆనందం కూడా కలిగి ఆమెకు తన మీదే కోపమొచ్చింది. దీవి వెనక్కి వెనక్కి పోయింది. చుక్కాని దగ్గర ఓర్విల్ తెడ్లవాళ్ళను బూతులు తిడుతూ, మధ్యలో ఇనెస్‌ను చూసి క్షమించమంటూ, మళ్ళీ తిడుతూ నడిపాడు. అంతలో ముందర నీళ్ళలోంచి ఆవిరి స్తంభంలా లేచింది. ఓర్విల్ నోరు టక్కున మూతపడింది. తెరచాప దిగింది. చేతితెడ్లు చప్పుడు లేకుండా నీళ్ళలోకి దిగాయి.

ఆ తర్వాత అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

నల్లటి వీపు నీళ్ళలోంచి లేచింది, అంత దగ్గర్లో చూసేసరికి వెర్లిన్‌కు ఒళ్ళు ఝల్లుమంది. ఒక్కటే వీపు. దాని పక్కన ఏమీ లేదు. లూషస్ సరిగ్గానే చూశాడు అనుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది. పడవ ముందు కొస, అణియం దగ్గర ఎజ్రా లేచి నిలబడి, మోకాలు చెక్కకు ఆనించి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. బల్లెం పైకి లేచింది.

అప్పుడు ఆ పెద్ద వీపు అవతల, దాని నీడలో, చిన్న ఆవిరి లేచింది. వెంటనే పెద్ద ఊపిరిలో కలిసిపోయింది.

వెర్లిన్ చూసింది. ఇనెస్ చూసింది, ఆవిడ గోళ్ళు వెర్లిన్ మణికట్టులో దిగబడ్డాయి. తెడ్లవాళ్ళ వీపులు బిగుసుకున్నాయి, అంటే వాళ్ళూ చూశారు. వెర్లిన్ తల తిప్పి ఓర్విల్ వైపు చూసింది. అతని పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఆమె నోరెత్తితే పిల్ల బతుకుతుంది, ఓట్లు పోతాయి, రోషెట్ వేట ముగిసిపోతుంది. ఎత్తకపోతే ఇంకొక్క క్షణంలో బాబాయి చేతులారా ఈసారి పిల్లతల్లిని పొడుస్తాడు. ఆమె పెదవి కొరుక్కుంది, నోట్లో ఉప్పగా తగిలింది.

ఎజ్రా చెయ్యి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆగింది.

"పక్కన పిల్ల ఉందా?"

పడవలో అందరూ కొయ్యబారిపోయారు. ఆ పడవలో తెరచాప దించాక మనిషి గొంతు వినబడటం వాళ్ళెవరూ ఎరగరు. అదీ బల్లెం పట్టిన మనిషి గొంతు.

"నాకు కనబడదు," అన్నాడు ఎజ్రా, ముందుకే చూస్తూ, ఇంకాస్త గట్టిగా. "ఆ మేడమ్ కూడా వినాలి. నాకు కళ్ళు లేవు. పిల్ల ఉందో లేదో మీలో ఎవడో ఒకడు చెప్పండ్రా."

వెర్లిన్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఎవరి నోరూ తెరుచుకోలేదు. కానీ ఎజ్రా మాట విన్నది పడవలోని మనుషులు మాత్రమే కాదు. పెద్ద తిమింగలం పక్కకు ఒరిగింది, పిల్లను వెనక్కి నెట్టింది, నేరుగా డోర్కస్ వైపు తిరిగింది.